నిశ్చయార్థక వాక్యం – నిశ్చయం లేని బోధన: సైబరాబాదు బడుల్లో పసిపిల్లల తెలుగు రాత

ఉపోద్ఘాతం

తెలుగు పాఠశాల వ్యాకరణంలో నిశ్చయార్థక వాక్యానిది విచిత్రమైన స్థితి. ప్రాథమికోన్నత తరగతులకు వచ్చేసరికి అది ఒక పేరుగా పరిచయమవుతుంది. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, విధ్యర్థకం, సందేహార్థకం వంటి పేర్ల వరుసలో నిలిచి, ‘కింది వాక్యం ఏ రకానికి చెందినది?’ అనే ప్రశ్నకు ఒక మార్కు జవాబుగా ముగిసిపోతుంది. అంతకుముందు ఐదేళ్లు, అంటే పిల్లలు ఆ వాక్యాన్ని స్వయంగా రాయడం నేర్చుకోవలసిన కాలమంతా, దానికంటూ ఒక పాఠం ఉండదు. నల్లబల్ల మీది వాక్యాలను చూసి రాయడం, చెప్పగా రాయడం, ఖాళీలు పూరించడం, జతపరచడం ఉంటాయి. ఒక విషయాన్ని చూసి, అది ఇలా ఉన్నదని తన మాటల్లో రాసి, ఆ మాటకు తాను జవాబుదారీ కావడం మాత్రం ఉండదు. నిశ్చయార్థకమనే పేరులోని ‘నిశ్చయం’ ఈ చివరి పనిలోనే ఉంది.

ఈ లోపం తెలుగు నేలంతటా ఉన్నప్పటికీ హైదరాబాదు పశ్చిమ భాగంలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట, నార్సింగి ప్రాంతాల్లో రెండు రకాల బాల్యాలు పక్కపక్కనే పెరుగుతున్నాయి. ఒకటి, అపార్టుమెంట్లలో ఇంగ్లీషు చదువుతో, నాయనమ్మ అమ్మమ్మల తెలుగుతో పెరిగే బాల్యం. రెండవది, ఆ అపార్టుమెంట్లను కట్టడానికి పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల పిల్లల బాల్యం. ఈ రెండు వర్గాల పిల్లలకూ తెలుగులో చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. అయినా తెలుగు రాతలో దాన్ని చెప్పే అవకాశం ఇద్దరికీ దక్కడం లేదు. కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే.

విధాన నిర్ణయాలకు కొరత లేదు. బోర్డు ఏదైనా ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం తెచ్చింది. 2018–19లో 1, 6 తరగతులతో అది దశలవారీగా మొదలయింది. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఆంగ్ల మాధ్యమం, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ వంటి బోర్డుల బడుల్లో ‘సింగిడి’కి బదులుగా సులభ వాచకమైన ‘వెన్నెల’ను తొమ్మిదో తరగతిలో 2025–26 నుంచి, పదో తరగతిలో 2026–27 నుంచి అమలు చేయాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. తెలుగు మాతృభాష కాని విద్యార్థుల సౌలభ్యం కోసమే ఈ మార్పు అన్నది నిజమే. కాని ఏళ్లపాటు తప్పనిసరిగా తెలుగు చదివిన తరువాత కూడా తొమ్మిదో తరగతిలో సులభ వాచకం అవసరమైతే, కింది తరగతుల్లో ఏం జరిగిందని అడగక తప్పదు. తెలుగు ఎన్ని పీరియడ్లు ఉండాలన్నదానిపై ఇన్నేళ్లు చర్చ నడిచింది. ఆ పీరియడ్లలో పిల్లవాడు ఎన్ని సొంత వాక్యాలు రాస్తున్నాడని అడిగినవారు తక్కువ. అసలు ప్రశ్న ఇదేనన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1. అక్షరాల కోసం వాయిదా పడిన వాక్యం

తెలుగు బోధనలో తరతరాలుగా స్థిరపడిన క్రమం అందరికీ తెలిసినదే. ముందు వర్ణమాల, తరువాత గుణింతాలు, తరువాత ఒత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, చివరికి వాక్యం. పెద్దబాలశిక్ష సంప్రదాయం నుంచి నేటి కాపీ పుస్తకాల దాకా ఈ వరుస పెద్దగా మారలేదు. ఇటుక మీద ఇటుక పేర్చినట్లు అక్షరం మీద అక్షరం పేర్చితే వాక్యం లేస్తుందనే నమ్మకం దీనికి పునాది.

ఈ నమ్మకం భాషా స్వభావానికే విరుద్ధం. బడికి వచ్చే నాటికి ఆరేళ్ల పిల్లవాడు వాక్యాల్లోనే మాట్లాడుతున్నాడు. సంశ్లిష్ట వాక్యాలు కూడా అతని నోట దొర్లుతుంటాయి. ‘అమ్మ కొడితే ఏడ్చాను’ అనగలిగిన బిడ్డకు రాతలో ‘అల’, ‘వల’, ‘తల’ అన్న మాటలు మాత్రమే అనుమతించడం అతని భాషా జ్ఞానాన్ని గుమ్మం బయట విడిచి రమ్మనడమే. పైగా తెలుగు లిపిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి ఏర్పడే అక్షరరూపాలు వందల సంఖ్యలో ఉంటాయి. తెలుగుకు అతి సన్నిహితమైన కన్నడ లిపి విషయంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షర పరిజ్ఞానం స్థిరపడే ప్రక్రియ నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని చూపింది. అక్షరాలన్నీ వచ్చాకే వాక్యమనే నియమాన్ని అక్షరాలా పాటిస్తే పిల్లవాడు తొమ్మిదో ఏట మొదటి సొంత వాక్యం రాయాలి. ఆచరణలో చాలామందికి ఆ రోజు కూడా రావడం లేదు.

అక్షరబోధన అనవసరమని ఇక్కడ ఎవరూ వాదించడం లేదు. అక్షరబోధనా వాక్యరచనా ఏకకాలంలో సాగాలన్నదే వాదం. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మౌఖిక భాష, పద గుర్తింపు, పఠనం, లేఖనం అనే నాలుగింటినీ సమాంతరంగా నడపాలని సూచించింది. తెలంగాణలో అదే ఏడాది ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలయింది. అయితే కొలిచేదే బోధనకు దారి చూపుతుంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ ప్రధాన లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవడం ఉంది. 2005 నుంచి గ్రామీణ భారతంలో జరుగుతున్న ఏసర్ సర్వే అక్షరం, పదం, చిన్న పేరా, కథ అనే మెట్లలో చదివించి చూస్తుంది. రెండింటి దృష్టీ ప్రధానంగా చదవడం మీదనే. బిడ్డ ఎంత వేగంగా చదివాడో లెక్కించడం తేలిక. ‘నీవు చూసినది ఒకటి రాయి’ అని చెప్పి, రాసినదాన్ని అంచనా కట్టడానికి ఉపాధ్యాయునికి సమయమూ భాషా జ్ఞానమూ రెండూ కావాలి. కొలమానం లేని పని బడి దినచర్యలోంచి జారిపోవడం సహజం.

2. అరువు మూసలు

వాక్యం బడిలోకి వచ్చిన తరువాత కూడా అది తెలుగు వాక్యంగా రావడం లేదు. ‘కర్త, కర్మ, క్రియ ఉన్నది వాక్యం’ అనే నిర్వచనం బడిలో వేదవాక్కుగా చెలామణి అవుతోంది. తెలుగులో అత్యంత సరళమైన నిశ్చయార్థక వాక్యాలు ఎన్నో ఈ నిర్వచనంలో ఇమడవు. ‘ఇది మా ఇల్లు.’ ఇందులో క్రియ లేదు. ‘నాకు లెక్కలు వచ్చు.’ ఇందులో ‘నాకు’ పని చేసే కర్త కాదు. ‘చలిగా ఉంది.’ ఇందులో చలిగా ఉన్నదేమిటని అడిగితే జవాబు దొరకదు. ‘వచ్చాను.’ ఈ ఒక్క మాటలో పురుష, వచన, కాలాలు ఇమిడి వాక్యం పూర్తయింది. చేకూరి రామారావు 1975 నాటి ‘తెలుగు వాక్యం’లో క్రియారహిత వాక్యాలను తెలుగు వాక్యనిర్మాణంలో సహజ భాగంగానే వివరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా ఈ వాక్యరూపాలకు తగిన స్థానం ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో అర్ధశతాబ్ది క్రితమే స్థిరపడిన జ్ఞానం రెండో తరగతి గదికి ఇంకా చేరలేదు.

ఈ ఖాళీలోకి ఇంగ్లీషు మూస ప్రవేశించింది. సైబరాబాదు బడుల్లో వాక్యం అంటే ఏమిటో పిల్లలు ముందుగా నేర్చుకునేది ఇంగ్లీషు పీరియడ్‌లోనే. తెలుగు పీరియడ్‌లో అదే అచ్చులో తెలుగు మాటలు పోస్తారు. ‘నేను ఒక తమ్ముడిని కలిగి ఉన్నాను’, ‘నేను ఆకలిగా ఉన్నాను’, ‘నేను విద్యార్థిగా ఉన్నాను’ వంటి వాక్యాలు ఆ ప్రాంతంలో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులకు కొత్తవి కావు. హిందీ నేపథ్యం ఉన్న పిల్లలు ‘ఇది పుస్తకం ఉంది’ అంటారు. తెలుగు ఒక వస్తువు ఏమిటో చెప్పడానికి క్రియ లేని వాక్యాన్ని, అది ఎక్కడ ఉందో చెప్పడానికి ‘ఉండు’ ధాతువును వాడుతుంది. హిందీ, ఇంగ్లీషులు రెండు పనులకూ ఒకే మాట వాడతాయి. తెలుగులోని ఈ విభజనను పిల్లలకు ఎవరూ చూపించకపోతే వారు తమకు తెలిసిన అచ్చునే వాడుకుంటారు. తప్పు పిల్లలది కాదు.

వ్యతిరేకార్థంలో ఈ విభజన మరింత స్పష్టం. ‘ఇది మా ఇల్లు కాదు’, ‘ఇక్కడ మా ఇల్లు లేదు’ అన్న రెండు వాక్యాలూ వేరువేరు సత్యాలను చెబుతాయి. ఒక కట్టడం పూర్తి కాగానే రేకుల గుడిసె ఎత్తుకుని మరో కట్టడానికి తరలిపోయే కూలీ బిడ్డకు ఈ రెండింటి తేడా వ్యాకరణ విషయం మాత్రమే కాదు. తాను నిద్రించే చోటు తనది కాదనీ, తమ ఇల్లు ఉన్నది వేరే ఊళ్లోననీ చెప్పడానికి ఆ బిడ్డకు రెండు వాక్యాలూ కావాలి. అలాగే ‘నేను పాలమూరువాణ్ణి’, ‘మేము రెండో తరగతి పిల్లలం’ అన్నప్పుడు నామపదం చివరనే చెప్పేవారి పురుష పలుకుతుంది. ఇటువంటి సౌలభ్యం ఇంగ్లీషు మూసలో లేదు. ‘మనం’, ‘మేము’ అన్న భేదమూ అంతే. ఎదుటివారిని కలుపుకుని చెబుతున్నాడా, విడదీసి చెబుతున్నాడా అన్నది తెలుగు పిల్లవాడు ప్రతి వాక్యంలో నిర్ణయించుకోవాలి. ఎదురెదురు పుటల పాఠ్యపుస్తకం ఈ భేదాలను బయటపెట్టడానికి చక్కని సాధనం కాగలదు. కాని ఎడమ పుటలోని వాక్యానికి కుడి పుట నీడ మాత్రమేనని బిడ్డకు అనిపిస్తే, తెలుగు ఎప్పటికీ అనువాదపు భాషగానే మిగులుతుంది.

‘పూర్తి వాక్యంలో జవాబు రాయాలి’ అన్న నియమం మరో అరువు. ‘సీత ఎక్కడికి వెళ్లింది?’ అని అడిగితే ‘బడికి’ అనడం తెలుగు సంభాషణలో పూర్తి జవాబు. బడిలో మాత్రం ‘సీత బడికి వెళ్లింది’ అని రాయాలి. ఈ వాక్యంలో బిడ్డ చేర్చినది ఒకే మాట. తక్కినదంతా ప్రశ్నలోనిదే. అయినా నోటు పుస్తకం నిండా పూర్తి వాక్యాలు కనిపిస్తాయి కాబట్టి వాక్యరచన వచ్చిందని అందరూ తృప్తి పడతారు. ఏమి చెప్పాలో నిర్ణయించే పని ప్రశ్న వేసినవారే చేసేశారన్న సంగతి మరుగున పడుతుంది.

3. క్రియ చివర ఎర్రగీత

ఇన్ని అడ్డంకులు దాటి ప్రభుత్వ బడిలో ఒక బిడ్డ ‘మా తాత ఊరికి పోయిండు’ అని రాసిందనుకుందాం. ఇది నిర్దుష్టమైన నిశ్చయార్థక వాక్యం. ఎవరు, ఎక్కడికి, ఏమి చేశారన్నది స్పష్టం. క్రియ చివర పురుష, వచన, లింగబోధకం సరిగ్గా కుదిరింది. అయినా ఆ వాక్యం మీద పడే మొదటి గుర్తు ‘పోయిండు’ కింద ఎర్రగీత. పైన ‘వెళ్లాడు’ అన్న సవరణ. తాత ఎందుకు వెళ్లాడని గాని, ఎప్పుడు వస్తాడని గాని ఎవరూ అడగరు. తన వార్తకు ఎవరూ స్పందించలేదన్న సంగతి బిడ్డకు అర్థమవుతుంది. మరుసటి రోజు నుంచి ఆమె వార్తలు రాయదు. తప్పుపోని వాక్యాలు రాస్తుంది. ‘ఆవు పాలు ఇస్తుంది’ అన్న వాక్యంలో ఎర్రగీతకు చోటు లేదు. ఆమె ఇంట్లో ఆవు లేకపోయినా సరే.

‘వచ్చిండు’, ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’ అన్న మూడింటిలోనూ అన్వయసూత్రం ఒక్కటే. కాలబోధక స్థానంలో జరిగిన ధ్వనిమార్పులే ఒక్కో ప్రాంతంలో ఒక్కో రూపానికి కారణం. ఈ మూడింటిలో ఒకదాన్ని శుద్ధమనీ, తక్కిన రెండింటినీ దోషాలనీ ఏడేళ్ల బిడ్డకు చెప్పడానికి శాస్త్రాధారం లేదు. ఉన్నది సామాజిక ఆధారం మాత్రమే.

తెలుగు శాఖలకు ఈ చరిత్ర చెప్పవలసిన పని లేదు. వ్యావహారిక భాషోద్యమంలో ఒక ప్రధాన ఘట్టం విద్యార్థుల వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న వివాదమే. గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగు గురించిన విజ్ఞప్తి పత్రాన్ని 1913లో ప్రచురించారు. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని 1914లో సమర్పించినది మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు రచన ఉపసంఘానికే. నోటిలో లేని రూపాలను చేతితో రాయించడం వల్ల విద్యార్థి ఆలోచన కుంటుపడుతుందన్నది వారి వాదసారం. గిడుగు అంతటితో ఆగలేదు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు నడిపారు. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అదే రోజు ఏదో ఒక బడిలో ‘పోయిండు’ కింద గీత పడుతూనే ఉంటుంది. ఉద్యమం పత్రికల్లో గెలిచింది, సాహిత్యంలో గెలిచింది, పరిశోధన గ్రంథాల్లో గెలిచింది. నాటి గ్రాంథికం కూర్చున్న పీట మీద నేడు ఒక ప్రాంతపు శిష్ట వ్యావహారికం కూర్చుంది. పీట మాత్రం అక్కడే ఉంది. తెలంగాణ ఏర్పడిన తరువాత పాఠ్యాంశాల్లో తెలంగాణ రచయితలకు, పలుకుబడికి చోటు పెరిగింది. బిడ్డ చదివే పాఠానికి దొరికిన ఈ గౌరవం బిడ్డ రాసే వాక్యానికి ఇంకా దొరకలేదు.

4. ‘అట’ చెప్పే బాధ్యత

నిశ్చయార్థక వాక్యాన్ని పసితనంలోనే నేర్పాలనడానికి భాషాభిమానం ఒక్కటే కారణం కాదు. ఒక సంగతి ఉన్నదని చెప్పినవారు అది తమకెలా తెలుసో కూడా చెప్పగలగాలి. తెలుగు వాక్యం ఈ పనిని చాలా సులువుగా చేయిస్తుంది. ఈ నాలుగు వాక్యాలు చూడవచ్చు: ‘లిఫ్టు చెడిపోయింది.’ ‘లిఫ్టు చెడిపోయిందట.’ ‘లిఫ్టు చెడిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.’ ‘లిఫ్టు చెడిపోయినట్టుంది.’ మొదటిదానికి చెప్పేవాడే పూచీ. రెండోది విన్నమాట. మూడోది ఎవరి మాటో చెబుతున్నది. నాలుగోది లక్షణాలను బట్టి చేసిన ఊహ. కొండాపూర్ అపార్టుమెంటులో ఉండే ఆరేళ్ల పిల్లవాడు మాటల్లో ఈ నాలుగింటినీ తడుముకోకుండా వాడతాడు. ఆ భవనం పక్కనే కొత్త కట్టడం దగ్గర పెరిగే పిల్లవాడు ‘క్రేను ఆగిపోయిందంట’ అంటాడు. ఇద్దరికీ ప్రత్యక్షానికీ వినికిడికీ తేడా తెలుసు.

రాతలోకి వచ్చేసరికి ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే మిగులుతోంది. ‘అట’ మాట్లాడే భాషలోదని కొట్టివేయబడుతుంది. ‘అని’ పెద్ద తరగతుల్లో ప్రత్యక్ష, పరోక్ష కథనాల మార్పిడి అభ్యాసంగా తిరిగి వస్తుంది. ‘నట్టుంది’కి పాఠమే లేదు. దీంతో పిల్లవాడు తనకు తెలిసినదాన్నీ, విన్నదాన్నీ, ఊహించినదాన్నీ ఒకే స్వరంతో రాయడం నేర్చుకుంటాడు. పుస్తకంలో ఉన్నది, ఉపాధ్యాయుడు చెప్పినది, తాను చూసినది అన్నీ ఒకే రకమైన వాక్యాలవుతాయి. ఫోనులోకి వచ్చిపడిన ప్రతి సందేశాన్నీ నిజమని ముందుకు తోసే పెద్దల గురించి సమాజం బాధపడుతోంది. ‘అట’ను రాతలోంచి బహిష్కరించి పెంచిన తరాలు అలా చేయడంలో వింత లేదు. విన్నమాటను విన్నమాటగా రాయడం నేర్పే సాధనం భాషలోనే సిద్ధంగా ఉండగా దాన్ని వాడుకోకపోవడం తెలుగు బోధన చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

5. అభ్యంతరాలు – సమాధానాలు

అక్షరాలు పూర్తిగా రాకముందే వాక్యాలు రాయిస్తే అక్షరదోషాలు స్థిరపడతాయన్నది మొదటి అభ్యంతరం. దీన్ని తేలికగా తీసుకోరాదు. ఒత్తులూ దీర్ఘాలూ అర్థాన్నే మార్చే భాష తెలుగు. అయితే దీనికి పరిష్కారం వాక్యాన్ని ఆపడం కాదు. మొదటి దశలో బిడ్డ చెప్పిన వాక్యాన్ని బిడ్డ కళ్లముందే ఉపాధ్యాయుడు రాయవచ్చు. తన మాటే రాతగా మారడం చూసిన బిడ్డ ఆ అక్షరాలను ఇష్టంగా పోల్చుకుంటుంది. న్యూజిలాండ్‌లో మావోరి పిల్లలకు సిల్వియా ఆష్టన్-వార్నర్ వారి సొంత మాటలతోనే చదువు మొదలుపెట్టిన తీరు 1963 నాటి ఆమె గ్రంథం ‘టీచర్’లో ఉంది. మన దేశంలో కృష్ణకుమార్ 1986లో పిల్లల భాష, ఉపాధ్యాయుని పాత్ర గురించి రాసిన చిన్న పుస్తకం బిడ్డ మాటనే బోధనకు మూలధనంగా చూసింది. ఆ దశ దాటాక బిడ్డ స్వయంగా రాసినప్పుడు ముందు విషయానికి స్పందన, తరువాత ఒకటి రెండు అక్షరాల సవరణ అన్న క్రమం పాటిస్తే దోషాలు స్థిరపడవు.

మాండలిక రూపాలను అనుమతిస్తే పరీక్షల్లో నష్టపోతారన్నది రెండో అభ్యంతరం. నష్టపోయేది పేద పిల్లలే కనుక ఈ మాటలో సానుభూతి ఉంది. కాని ఒకటో తరగతి నుంచి గీతలు పడిన పిల్లలు పదో తరగతికి శిష్టరూపాల్లో ధారాళంగా రాస్తున్నారా? రాస్తూ ఉంటే సులభ వాచకాల అవసరమే ఉండేది కాదు. శిష్టరూపాన్ని మూడో తరగతి నుంచి రెండో రూపంగా పరిచయం చేయవచ్చు. ‘ఇంట్లో ఇలా అంటాం, పత్రికలో ఇలా రాస్తారు’ అని రెండింటినీ పక్కపక్కన రాయించిన బిడ్డకు రెండూ వస్తాయి.

మూడో అభ్యంతరం ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది. తరగతిలో సగంమంది తెలుగు మాతృభాష కానివారైతే సొంత వాక్యాలెలా సాధ్యం? నిజానికి వారికే ఇవి ఎక్కువ అవసరం. గుణింతాలన్నీ దిద్దినా ఒరియా బిడ్డకు తెలుగు రాదు. ‘నాకు నీళ్లు కావాలి’, ‘ఇది నాది’, ‘నాకు తెలియదు’ అన్న వాక్యాలతో మొదలుపెడితే మొదటి వారంలోనే అవి ఆ బిడ్డకు పనికొస్తాయి. చతుర్థీ విభక్తితో నడిచే ఈ వాక్యాలు తెలుగు నిర్మాణానికి కేంద్రం కూడా.

ఐటీ కారిడార్‌లో బతుకు ఇంగ్లీషుది కాబట్టి తెలుగు రాతకు ఇంత శ్రమ ఎందుకన్నది చివరి అభ్యంతరం. ఇది సాధారణంగా పైకి అనరు, ఆచరణలో చూపుతారు. పెద్దలు ఉద్యోగంలో ఇంగ్లీషు రాస్తారు, ఇంట్లో తెలుగును రోమన్ అక్షరాల్లో టైపు చేస్తారు. అటువంటి ఇంట్లో తెలుగు లిపి కనిపించేది బిడ్డ హోంవర్కులోనే. ఒక భాషలో గట్టిపడిన అక్షరాస్యత రెండో భాషకూ తోడ్పడుతుందని జిమ్ కమిన్స్ 1979 నాటికే ప్రతిపాదించాడు. దానికి విలోమం కూడా ఆలోచించదగినది. రెండు భాషల్లోనూ మూసలు నింపడమే నేర్చిన బిడ్డకు ఏ భాషలోనూ తనదైన వాక్యం ఉండదు. ఇంగ్లీషు మేలు కోరేవారు కూడా ఈ స్థితిని కోరుకోలేరు.

6. తెలుగు శాఖల వంతు

ఇంతవరకు విమర్శ బడుల మీద సాగింది. అంతకన్న పెద్ద వాటా విశ్వవిద్యాలయాలది. ఉపాధ్యాయునికి ‘కర్త, కర్మ, క్రియ’ నిర్వచనం తప్ప మరొకటి అందకపోవడానికి కారణం, వేరొకటి అందించవలసినవారు ఆ పని తమది కాదనుకోవడమే. ప్రబంధాల మీద, శతకాల మీద, కథానికల మీద, అస్తిత్వవాదాల మీద పరిశోధన జరగవలసిందే. దాని సరసన ఏడేళ్ల బిడ్డ వాక్యం మీద పరిశోధన అరుదుగా కనిపించడం మాత్రం సమర్థనీయం కాదు. పసిపిల్లల రాత విద్యాశాస్త్రం వారిదని తెలుగు శాఖలు, భాష తెలుగు శాఖలదని విద్యాశాస్త్ర విభాగాలు అనుకున్నాయి. మధ్యలో బిడ్డ మిగిలింది.

చేయదగిన పనులు దుస్సాధ్యమైనవి కావు. మొదటిది, పిల్లల తెలుగు వాక్యాల సంచయం. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది. 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతిక పరిశోధనకు పేరు పొందింది. అదే సంవత్సరం స్థాపితమైన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం పొరుగునే ఉంది. ఇన్ని సంస్థల నడుమ ఉన్న బడుల్లో పిల్లలు ఏమి రాస్తున్నారో, ఏ నిర్మాణాలు ఏ వయసులో రాతలోకి వస్తున్నాయో, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ మూసలు ఎక్కడ చొరబడుతున్నాయో నమోదు కావాలి. బిడ్డల పేర్లు లేకుండా, తల్లిదండ్రుల అనుమతితో, సవరణకు ముందటి రూపంలో ఆ వాక్యాలను భద్రపరచాలి. మాండలిక వృత్తి పదకోశం కోసం ఊరూరా తిరిగి వ్యవసాయ పదాలను సేకరించి 1962లో మొదటి సంపుటం వెలువరించిన సంప్రదాయం మనది. ఆ వరుసలోనే బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని కూర్చారు. ఇళ్లు కట్టేవారి మాటలను సేకరించిన భాషాశాస్త్రానికి ఆ ఇళ్లు కట్టేవారి బిడ్డల వాక్యాలు చిన్నవి కారాదు.

రెండవది, ఒకటి నుంచి మూడో తరగతి దాకా తెలుగుదైన వాక్యక్రమం. ‘ఇది మా బడి’ వంటి క్రియారహిత వాక్యాలు, ‘నాకు తమ్ముడు ఉన్నాడు’, ‘నాకు భయం వేసింది’ వంటి చతుర్థీ వాక్యాలు, ‘మేము పిల్లలం’ వంటి పురుషబోధక నామవాక్యాలు, అన్వయం గల క్రియావాక్యాలు, ‘కాదు’, ‘లేదు’ భేదం, ఆపైన ‘అట’, ‘అని’, ‘నట్టుంది’. ఈ వరుసను బడిలో పరీక్షించి సవరించవలసి ఉంటుంది. వర్ణమాల వరుస ఉన్నట్టే వాక్యానికీ ఒక వరుస ఉండాలన్నది ఇక్కడి సూచన.

మూడవది, స్నాతకోత్తర తెలుగులో బాలల లేఖనం మీద ఒక పత్రం, అందులో భాగంగా ప్రాథమిక పాఠశాలలో కొన్ని వారాల పని. బాలవ్యాకరణ సూత్రాలు చదివిన విద్యార్థి ఒక బాలుడి వాక్యాన్ని విశ్లేషించలేకపోతే ఆ చదువులో వెలితి ఉన్నట్టే. నాల్గవది మూల్యాంకనం. చదివే వేగంతోపాటు, ఏడాదికి రెండుసార్లయినా బిడ్డ తాను ఎంచుకున్న విషయం మీద రాసిన మూడు వాక్యాలను పరిశీలించాలి. అందులో ముందు చూడవలసినది బిడ్డ కొత్తగా ఏమి చెప్పిందన్నది. తరువాతే అక్షరాలు.

ముగింపు

2018 చట్టం తెలుగు పీరియడ్‌ను కాపాడింది. ఆ పీరియడ్‌లో ఏమి జరగాలన్నది చట్టం చెప్పలేదు. అది చెప్పగలిగినవారు తెలుగు వాక్యాన్ని వృత్తిగా చదివినవారే. 2026–27లో సీబీఎస్‌ఈ, ఐబీ బడుల పదో తరగతి పిల్లలు సులభ వాచకంతో పరీక్షకు సిద్ధమయ్యే వేళకు, మరో వేలమంది పిల్లలు ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దడం మొదలుపెడతారు. పదో తరగతికి ఎంత సులభమైన పుస్తకం ఇవ్వాలన్న చర్చ అప్పుడూ జరుగుతుంది. తెలుగు శాఖలు ఆ చర్చకు హాజరు కావడంకన్న ముందు చేయవలసిన పని ఒకటుంది. తమ ప్రాంగణం దాటి దగ్గరలోని ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, రెండో తరగతి నోటు పుస్తకాలు తెరిచి, వాటిలో బిడ్డ సొంతంగా రాసిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం.